నిజాంపేటలో 62 లక్షల పాత ఫ్లాటు: అద్దె కోసం కొనవచ్చా?

మానేరు తీరం (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మాది కరీంనగర్ దగ్గర పల్లె. నేను హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. నిరుడు నాన్నగారు ఊళ్లో కొంత భూమి అమ్మి నా వాటా నాకు ఇచ్చారు. అదీ, నేను దాచుకున్నదీ కలిపి ప్రస్తుతం నా చేతిలో 24 లక్షలు ఉన్నాయి. పిల్లవాడి బడి వల్ల మేము కొండాపూర్‌లో అద్దె ఇంట్లోనే ఉంటాము, ఇంకో పదేళ్లు అక్కడి నుంచి కదలలేము. కాబట్టి ఈ డబ్బుతో మేము ఉండడానికి కాకుండా అద్దెకు ఇవ్వడానికే ఒక ఫ్లాటు కొనాలని చూస్తున్నాను.

నిజాంపేటలో ఒకటి కుదిరేలా ఉంది. 12 ఏళ్ల కిందట కట్టిన అపార్ట్‌మెంటు, కింద పార్కింగు కోసం స్టిల్టు, పైన అయిదు అంతస్తులు, మొత్తం 20 ఫ్లాట్లు. మాకు చూపించినది మూడో అంతస్తులో తూర్పు ముఖం ఉన్న రెండు పడకగదుల ఫ్లాటు, 1,150 చదరపు అడుగులు. ధర 62 లక్షలు చెబుతున్నారు. యూడీఎస్, అంటే అపార్ట్‌మెంటు స్థలంలో ఈ ఫ్లాటు వాటా, 38 గజాలు వస్తుందని ఏజెంటు అన్నారు. ఇప్పుడున్న అద్దెవారు మూడేళ్లుగా ఉంటున్నారు, నెలకు 19,000 ఇస్తూ మెయింటెనెన్సు 2,500 విడిగా కట్టుకుంటున్నారు. బ్యాంకులో అడిగితే 45 లక్షలు 20 ఏళ్లకు 8 శాతం వడ్డీకి ఇస్తామన్నారు. ఈఎంఐ 37,640 అవుతుంది.

ఇల్లు అమెరికాలో ఉన్న కొడుకు పేరున ఉంది, ఇక్కడ తండ్రిగారు జీపీఏతో, అంటే కొడుకు రాసిచ్చిన అధికారపత్రంతో అమ్ముతున్నారు. ప్రభుత్వ విలువ 40 లక్షల దాకా ఉంటుందనీ, దస్తావేజు అంతకే రాయించుకుని మిగిలినది నగదుగా ఇస్తే నాకు రిజిస్ట్రేషన్ ఖర్చు కలిసివస్తుందనీ ఆయన అంటున్నారు.

ఏడాది అద్దె 2.28 లక్షలు, అంటే ధర మీద 3.7 శాతం కూడా లేదు. నెల అద్దె ధరలో ఒక శాతం ఉంటేనే కొనాలని అమెరికావారి వీడియోలలో చెబుతున్నారు. ఇక్కడ అది 0.3 శాతమే ఉంది. నేను వేసిన లెక్కలో తప్పుందా, లేక ఈ బేరమే మంచిది కాదా? నాన్నగారు మాత్రం, భూమి అమ్మిన డబ్బు మళ్లీ గోడల్లోనైనా ఉండాలి, అద్దె పింఛనులా వస్తుంది అంటున్నారు. ఆయన మాట కాదనడానికి నాకు మనసు రావడం లేదు. అలాగని కళ్లు మూసుకుని 20 ఏళ్ల అప్పులోకి దిగలేను.

విశ్రాంత బ్యాంకరు:

మానేరు తీరం గారూ, మీ లెక్క తప్పు కాదు, కాకపోతే సగంలో ఆగింది. గృహరుణాల విభాగంలో చాలా ఏళ్లు పనిచేసినవాడిని కాబట్టి మిగిలిన సగం నేను వేసి చూపిస్తాను.

ముందుగా ఆ ఫ్లాటు మీకు నిజంగా ఎంతకు పడుతుందో చూడండి. తెలంగాణలో 2021 జూలై నుంచి స్టాంపు డ్యూటీ 5.5, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ రుసుము 0.5, వెరసి 7.5 శాతం కట్టాలి. 62 లక్షలకు అది 4.65 లక్షలు. ఏజెంటుకు ఒక శాతం చొప్పున 62 వేలు. పన్నెండేళ్ల ఇల్లు గనుక రంగులకూ, బాత్రూములకూ, కొళాయిలకూ ఒకటిన్నర లక్ష తీసిపెట్టుకోవాలి. మొత్తం 68.77 లక్షలు. అంటే 45 లక్షల అప్పు పోగా మీ చేతి నుంచి పడేది 23.77 లక్షలు. మీ దగ్గరున్న 24 లక్షలూ మొదటి రోజే అయిపోతాయి. ఆ తరువాత లిఫ్టు పాడైందని సంఘంవారు తలా 30 వేలు అడిగితే ఇవ్వడానికి కూడా మిగలదు.

ఇక అద్దె విషయం. ఏడాదికి పన్నెండు నెలల అద్దె వస్తుందని ఎవరూ లెక్క కట్టకూడదు. ఒకరు ఖాళీ చేసి ఇంకొకరు వచ్చేలోగా పోయే రోజులకూ, మధ్యవర్తి రుసుముకూ కలిపి ఏటా ఒక నెల అద్దె తీసేయండి, 2.09 లక్షలు మిగులుతాయి. అందులో ఆస్తిపన్ను ఆరు వేలు, ఇల్లు ఖాళీగా ఉన్న నెల మెయింటెనెన్సు 2,500, చిన్నాపెద్దా మరమ్మతులకు సగటున 20,500 పోతే చేతికి అందేది 1.80 లక్షలు, నెలకు 15 వేలు. మీరు పెట్టిన 68.77 లక్షల మీద అది 2.6 శాతం. మీరు బ్యాంకుకు కట్టేది 8 శాతం. ప్రతి నెలా మీ జీతంలో నుంచి 22,640 రూపాయలు ఆ ఇంటికి పంపిస్తూ ఉండాలి. నాన్నగారు అన్న పింఛను కనీసం మొదటి పదేళ్లు మీకు రాదు, మీరే ఆ ఇంటికి ఇస్తారు.

కాబట్టి ఈ కొనుగోలు గెలిచేదీ ఓడేదీ ధర పెరుగుదల మీదే. పదేళ్లు ఉంచుకుని అమ్ముతారనుకుందాం. అద్దె ఏటా 5 శాతం పెరుగుతుందనుకున్నాను, పదేళ్ల తరువాత 31 లక్షల అప్పు ఇంకా మిగిలి ఉంటుంది, అమ్మకంలో ఏజెంటు రుసుమూ, లాభం మీద 12.5 శాతం పన్నూ సెస్సూ తీసేశాను. ధర ఏటా 6 శాతం చొప్పున పెరిగితే మీరు పెట్టిన డబ్బు మీద మీకు దక్కేది దాదాపు 6 శాతం. 8 శాతం పెరిగితే 9 శాతం దరిదాపుల్లో దక్కుతుంది. 4 శాతమే పెరిగితే రెండున్నర శాతం కూడా నమ్మకంగా చెప్పలేను. అప్పు లాభాన్నీ పెంచుతుంది, నష్టాన్నీ పెంచుతుంది. పదేళ్ల తరువాత ఆ భవనానికి 22 ఏళ్లు వస్తాయన్న సంగతి కూడా మరచిపోకండి. ఆ వయసున్న ఇంటికి కొనేవారు ఉన్నా, వారికి అప్పిచ్చే బ్యాంకు ఇంజనీరు భవనం మిగిలిన ఆయుష్షు చూసే విలువ కడతాడు.

నగదు సంగతి గట్టిగా చెప్పాలి. దస్తావేజు 40 లక్షలకు రాయిస్తే రిజిస్ట్రేషన్‌లో మీకు మిగిలేది 1.65 లక్షలు. కానీ 30 లక్షలు దాటి 75 లక్షల వరకు ఉండే గృహరుణం ఆస్తి విలువలో 80 శాతానికి మించకూడదన్నది రిజర్వు బ్యాంకు నియమం. దస్తావేజులో 40 లక్షలు ఉంటే బ్యాంకు 32 లక్షలకు మించి ఇవ్వదు. మిగిలిన 22 లక్షల నగదు మీరు ఎక్కడి నుంచి తెస్తారు? అంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. రేపు మీరు అమ్మిన రోజున మీ కొనుగోలు ధర 40 లక్షలే అవుతుంది. ఈ రోజు మీరు నగదుగా ఇచ్చిన 22 లక్షలు కూడా అప్పుడు మీ లాభం కింద లెక్కకు వచ్చి, వాటి మీద 12.5 శాతం చొప్పున 2.75 లక్షల పన్ను మీరే కట్టాల్సి వస్తుంది. అమ్మేవారు ఈ రోజు ఎగవేయాలనుకుంటున్న పన్నును మీ నెత్తిన పెడుతున్నారన్నమాట. పైగా స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, అంతకు మించిన మొత్తాన్ని నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం నిషిద్ధం. తీసుకున్నవారికి అంతే మొత్తం జరిమానా పడవచ్చు. ఆ పెద్దాయనకు మర్యాదగానే చెప్పండి, మొత్తం చెక్కు ద్వారానే ఇస్తాననీ, లేకపోతే వద్దనీ.

ప్రగతినగర్ వాసిని:

తమ్ముడూ, బ్యాంకరు గారు కాగితం మీది లెక్క అంతా చెప్పారు. మా వారు పోయాక పదకొండేళ్లుగా మూడు ఫ్లాట్లు నేనే అద్దెకు ఇచ్చి చూసుకుంటున్నాను కాబట్టి ఇంటి దగ్గరి సంగతులు నేను చెబుతాను.

అన్నిటికన్నా ముందు యూడీఎస్. ఫ్లాటు కొంటున్నామని అంటాము గాని, ఏళ్లు గడిచే కొద్దీ విలువ పెరిగేది ఆ అపార్ట్‌మెంటు కింద ఉన్న స్థలంలో మన వాటాకే. గోడలు, తలుపులు, లిఫ్టు ఏటేటా పాతబడి విలువ పోగొట్టుకుంటూనే ఉంటాయి. నేను కొనే ముందు ఎప్పుడూ ఈ రెండిటినీ విడదీసి లెక్క కడతాను. మీ ఫ్లాటుకు వేసి చూడండి. ఆ వీధిలో ఖాళీ స్థలం గజం ఎంత పలుకుతోందో ఇద్దరు ముగ్గురిని అడగండి. ఉదాహరణకు 80 వేలు అనుకుంటే 38 గజాలకు 30.4 లక్షలు. కట్టుబడికి చదరపు అడుగుకు 2,200 చొప్పున 1,150 అడుగులకు 25.3 లక్షలు. భవనానికి 50 ఏళ్ల ఆయుష్షు వేసుకుని, గడిచిన 12 ఏళ్లకు తరుగు తీస్తే 19.2 లక్షలు మిగులుతాయి. రెండూ కలిపితే 49.6 లక్షలు. వారు చెబుతున్న 62కూ దీనికీ మధ్య ఉన్న 12 లక్షల పైచిలుకు దేనికో వారే చెప్పాలి. సిద్ధంగా ఉన్న ఇంటికీ, నడుస్తున్న అద్దెకూ, మంచి వీధికీ కొంత ఎక్కువ ఇవ్వడం సబబే. నేనైతే 55 దాటను.

యూడీఎస్ ఎంతో ఏజెంటు నోటి మాట నమ్మవద్దు. ఇప్పటి యజమాని కొన్న దస్తావేజులో చివరి పేజీల్లో ఉండే షెడ్యూలులో మొత్తం స్థలం ఎన్ని గజాలు, అందులో ఈ ఫ్లాటు వాటా ఎంత అని స్పష్టంగా రాసి ఉంటుంది. జిరాక్సు కాపీ అడిగి మీ కళ్లతో చూడండి. అలాగే 1,150 అడుగులు అన్నది మెట్లు, కారిడారు, పార్కింగు అన్నీ కలిపి చెప్పే మాట. లోపల టేపు పెట్టి కొలవండి. అలాంటి ఇంట్లో నిజంగా కాలు పెట్టే చోటు 800 అడుగుల అటూ ఇటూ ఉంటుంది. అద్దెకు వచ్చేవారు దాన్నే చూస్తారు.

ఇక నీళ్లు. నిజాంపేట, బాచుపల్లి, మా ప్రగతినగర్ వైపు అద్దె ఇల్లు నిలబడేదీ ఖాళీగా పడి ఉండేదీ నీళ్ల మీదే. మీరు బేరం మాట్లాడడానికి వెళ్లినప్పుడు ఇల్లు మాత్రమే చూసి రావద్దు. ఒక రోజు తెల్లవారుజామున అయిదున్నరకు వెళ్లి సంపు దగ్గర నిలబడండి. మా అపార్ట్‌మెంట్లలో ఒకదానిలో వాచ్‌మన్ టాంకరు వచ్చిన ప్రతిసారీ మోటారు గది తలుపు వెనక సుద్దముక్కతో ఒక గీత గీస్తాడు, అయిదు కాగానే అడ్డంగా కొట్టి మళ్లీ మొదలుపెడతాడు. నేను మూడో ఫ్లాటు కొనే ముందు ఆ తలుపు తీసి చూశాను. ఏప్రిల్ నెలలో 43 గీతలు ఉన్నాయి. ఇరవై కుటుంబాలు ఆ నీళ్ల డబ్బు పంచుకుంటే మెయింటెనెన్సు ఎంతవుతుందో అక్కడే నిలబడి లెక్క వేసుకున్నాను, అమ్మేవారు చెప్పిన 1,800 ఎండాకాలంలో 3,500 అవుతుందని తేలింది. అద్దెవారు అద్దెనూ మెయింటెనెన్సునూ కలిపే చూస్తారు. మెయింటెనెన్సు పెరిగితే ఆ మేరకు మీ అద్దె పెరగదు. బోరు ఎన్ని అడుగులు, జలమండలి కనెక్షను ఉందా, మీటరు పెట్టించారా, ఇవన్నీ సంఘం కార్యదర్శిని అడగండి. గత రెండేళ్ల జమాఖర్చుల పుస్తకం కూడా చూపించమనండి. చూపించడానికి వెనకాడితే అదే మీకు జవాబు.

లీకేజీలు. మూడో అంతస్తు కాబట్టి పైకప్పు వాన నీరు మీకు రాదు, కానీ నాలుగో అంతస్తు బాత్రూము మీ బాత్రూము పైనే ఉంటుంది. ఫాల్స్ సీలింగు ఉంటే ఒక పలక తీయించి టార్చి వేసి చూడండి. స్లాబు అడుగున తెల్లటి ఉప్పు పేరుకుని, పైపు చుట్టూ గోధుమరంగు వలయాలు ఉంటే పైవారి ఇంట్లో నీరు కారుతోందని అర్థం. అది మీ డబ్బుతో బాగుపడదు, పైవారు తమ బాత్రూము పగలగొట్టడానికి ఒప్పుకుంటేనే బాగుపడుతుంది. నేను ఒకసారి ఆ ఒప్పుకోలు కోసం పద్నాలుగు నెలలు మెట్లెక్కి దిగాను, ఈలోగా అద్దెకు ఉన్న కొత్త దంపతులు వెళ్లిపోయారు.

ఇప్పుడున్న అద్దెవారితో, ఏజెంటు లేకుండా, ఒక్క పది నిమిషాలు మాట్లాడండి. నెలకు 19,000 ఇస్తున్నారా, లేక అమ్మకం కోసం ఆ అంకె చెబుతున్నారా, అడ్వాన్సు ఎంత ఇచ్చారు, ఆ అడ్వాన్సు కొన్న తరువాత తిరిగి ఇచ్చే బాధ్యత ఎవరిది, ఇవి వారి నోటి నుంచే తెలుస్తాయి. పదకొండు నెలల కొత్త ఒప్పందం మీ పేరున రాయించుకోవాలి.

డాలస్ నుంచి:

నమస్కారం. నేను గుంటూరు వాడిని, ఉద్యోగరీత్యా టెక్సాస్‌లో ఉంటున్నాను. ఇక్కడ ఒక ఇల్లు అద్దెకు ఇచ్చాను, హైదరాబాదులో ఉన్న ఫ్లాటును 2019లో అమ్మాను. మీ ప్రశ్నలో రెండు విషయాలు నాకు అనుభవంలో ఉన్నవి కాబట్టి రాస్తున్నాను.

ఒక శాతం సూత్రాన్ని అక్కడికి తీసుకెళ్లకండి. ఇక్కడ నా ఇంటి ధర 4 లక్షల డాలర్లు, అద్దె 2,400. అంటే ఇక్కడ కూడా అది 0.6 శాతమే. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేకపోయినా ఆస్తిపన్ను ఇంటి విలువలో రెండు శాతం దాకా ఉంటుంది, నేను ఏటా 8 వేల డాలర్లు కడుతున్నాను. వడగళ్ల వానలకు భయపడి తీసుకునే బీమా 4 వేలు. అద్దె ఏడు శాతం వస్తున్నట్టు కనిపిస్తుంది గాని ఈ రెండిటికే మూడు శాతం పోతుంది. మీ నిజాంపేట ఇంటికి ఆస్తిపన్ను ఆరు వేలు, ధరలో వెయ్యో వంతు కూడా కాదు. కాబట్టి ఖర్చులు పోగా మిగిలే అద్దెను మాత్రమే పోల్చాలి. అయితే ఒక విషయంలో మాకు మేలు ఉంది. నా అప్పు 30 ఏళ్లకూ ఒకే వడ్డీ మీద స్థిరంగా ఉంటుంది. మీ వడ్డీ రెపో రేటుతో, అంటే రిజర్వు బ్యాంకు బ్యాంకులకు ఇచ్చే అప్పు మీది వడ్డీతో పాటు మారుతుంది. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి వరకు రిజర్వు బ్యాంకు రెపోను 4 నుంచి 6.5 శాతానికి పెంచినప్పుడు, 6.75 శాతానికి 20 ఏళ్ల అప్పు తీసుకున్న మా తమ్ముడి వడ్డీ 9.25కు చేరింది. వాడు కట్టే ఈఎంఐ దాదాపు వడ్డీకే సరిపోయి, అసలు తరగడం ఆగిపోయింది. మీ 45 లక్షలకు ఒక్క శాతం పెరిగినా ఈఎంఐ 40,488 అవుతుంది. ఆ స్థితిలో, ఇల్లు రెండు నెలలు ఖాళీగా ఉంటే మీరు నిలబడగలరా అని ఇప్పుడే చూసుకోండి.

రెండోది మీకు అత్యవసరం. యజమాని ప్రవాస భారతీయుడు అన్నారు. ఇక్కడే నివసించేవారి దగ్గర 50 లక్షలు, ఆపైన ఉన్న ఇల్లు కొంటే ఒక శాతం టీడీఎస్ (ధరలో నుంచి కోసి అమ్మేవారి తరఫున ప్రభుత్వానికి కట్టే పన్ను) కోస్తే చాలు. ఎన్‌ఆర్‌ఐ దగ్గర కొంటే అలా కాదు. రెండేళ్లకు మించి ఉంచుకున్న ఆస్తి అయితే 12.5 శాతం, దాని మీద సర్‌చార్జీ, సెస్సు కోయాలి. ఆయన పన్ను అధికారి దగ్గర తక్కువ కోతకు ధ్రువపత్రం తెచ్చుకోకపోతే ఆ కోత లాభం మీద కాక మొత్తం ధర మీద లెక్క కట్టాల్సి వస్తుంది. 62 లక్షలకు సర్‌చార్జీ, సెస్సు కాకుండానే 7.75 లక్షలు. ఇది కోయకపోతే అడిగేది అమ్మినవారిని కాదు, కొన్న మిమ్మల్ని. నేను అమ్మినప్పుడు నా దగ్గర కొన్నవారికి తెలియక ఒక శాతమే కోశారు, రెండేళ్లకు వారికి నోటీసు వచ్చింది. ఇద్దరమూ కలిసి ఆడిటరు చుట్టూ తిరిగాము. జీపీఏ పట్టుకుని తండ్రిగారు సంతకం చేసినా అమ్మేది కొడుకే, కోత ఆయన పాన్ మీదే వెళ్లాలి.

ఆ జీపీఏను కూడా చూడండి. అమెరికాలో రాసినదైతే భారత కాన్సులేటులోనో నోటరీ దగ్గరో ధ్రువీకరించి ఉండాలి, దేశంలోకి వచ్చిన మూడు నెలల లోపు జిల్లా రిజిస్ట్రారు దగ్గర స్టాంపు డ్యూటీ కట్టి ఉండాలి. అమ్మే అధికారమూ, డబ్బు తీసుకునే అధికారమూ అందులో స్పష్టంగా రాసి ఉన్నాయో లేదో చూసి, కొడుకుతో ఒకసారి వీడియోలో మాట్లాడండి.

మానేరు తీరం:

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. నగదు మాటకు ఒప్పుకోనని తండ్రిగారికి చెప్పేశాను. ఆయన నొచ్చుకోలేదు, కొడుకును అడిగి చెబుతానన్నారు. బ్యాంకరు గారూ, రెండు సందేహాలు. నేను కొత్త పన్ను విధానంలో ఉన్నాను. గృహరుణం వడ్డీ వల్ల జీతం మీద పన్ను తగ్గుతుందని ఆఫీసులో అంటున్నారు, నిజమేనా? కాగితాలలో ఏమేమి చూడాలి?

విశ్రాంత బ్యాంకరు:

కొత్త విధానంలో జీతం మీద తగ్గదు. అద్దెకు ఇచ్చిన ఇంటి మీద వచ్చిన అద్దెలో నుంచి పురపాలక పన్ను, మిగిలిన దానిలో 30 శాతం, ఆపైన వడ్డీ తీసేయవచ్చు. మీకు వచ్చిన 2.09 లక్షలలో ఆరు వేలు, తరువాత 30 శాతం పోతే 1.42 లక్షలు. మొదటి ఏడాది వడ్డీ 3.57 లక్షల దాకా ఉంటుంది కాబట్టి అద్దె మీద పన్ను సున్నా. కానీ మిగిలిపోయిన 2.15 లక్షల నష్టాన్ని జీతంలో తీసుకోవడానికి కొత్త విధానం ఒప్పుకోదు. పాత విధానంలో ఏడాదికి రెండు లక్షల వరకు తీసుకోవచ్చు. ఇందుకోసమే పాత విధానానికి మారడం మీకు లాభమో కాదో మీ మిగతా మినహాయింపులు చూసుకుని తేల్చుకోవాలి.

కాగితాలలో మొదటిది ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తనఖాలు చూపే రిజిస్ట్రేషన్ పత్రం. ఫ్లాటుకే కాకుండా బిల్డరు స్థలం కొన్నప్పటి నుంచీ తీయించి, లింకు డాక్యుమెంట్లతో, అంటే అంతకు ముందటి దస్తావేజులతో సరిపోల్చండి. రెండోది మంజూరైన ప్లాను, ప్లాను ప్రకారమే కట్టారు, ఉండవచ్చు అని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్. ప్లానులో ఎన్ని అంతస్తులు, ఎన్ని ఫ్లాట్లు ఉన్నాయో, పైన నిజంగా ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. భవనాల క్రమబద్ధీకరణకు దరఖాస్తు పెట్టామని ఎవరైనా చెబితే అది అనుమతి కాదు. 2012 నాటి 168 నంబరు జీవో ప్రకారం బిల్డరు కట్టుబడిలో పది శాతాన్ని అనుమతి ఇచ్చిన సంస్థకు తనఖా పెట్టాలి, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాకే అది విడుదలవుతుంది. మీ ఫ్లాటు ఆ పది శాతంలో లేదని నిర్ధారించుకోండి. ఇక ఆ సర్వే నంబరు రిజిస్ట్రేషన్ నిషేధిత జాబితాలో ఉందేమో, దగ్గరి చెరువు పూర్తి నీటిమట్టం పరిధిలోకీ దాని చుట్టూ కట్టకూడని బఫరులోకీ వస్తుందేమో నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ చెరువుల పటాలలో చూడండి. 2024లో చెరువుల ఆక్రమణలను తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చిన తరువాత బ్యాంకుల న్యాయవాదులు కూడా ఈ ఒక్క విషయం రెండుసార్లు చూస్తున్నారు. బ్యాంకు న్యాయవాది నివేదిక బ్యాంకు అప్పును కాపాడడానికి రాసేది. మీ కోసం మీరు వేరే న్యాయవాదికి అయిదో పదో వేలు ఇచ్చి చదివించుకోండి.

మానేరు తీరం:

పదిహేను రోజుల తరువాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి.

అక్క చెప్పినట్టు దస్తావేజు కాపీ తీసుకుని షెడ్యూలు చదివాను. మొత్తం స్థలం 660 గజాలు, ఈ ఫ్లాటు వాటా 33 గజాలు. ఏజెంటు చెప్పిన 38 ఎక్కడా లేదు. గజం 80 వేల చొప్పున స్థలం 26.4 లక్షలు, కట్టుబడి 19.2, కలిపి 45.6 లక్షలు. ప్లానులో అయిదు అంతస్తులే ఉన్నాయి, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఉంది, ఈసీ శుభ్రంగా ఉంది. ఆ విషయంలో మనసు కుదుటపడింది. శనివారం తెల్లవారుజామున వెళ్లాను. నేనున్న గంటలో రెండు టాంకర్లు వచ్చాయి. అద్దెవారి ఇల్లాలు టీ ఇచ్చి, అద్దె 17,500 మాత్రమే ఇస్తున్నామనీ, వచ్చే నెల నుంచి 19,000 చేయమని యజమాని అడిగారనీ చెప్పారు.

నాన్నగారిని కూర్చోబెట్టి ఈ అంకెలన్నీ ఒక తెల్లకాగితం మీద రాసి చూపించాను. ఆయన చాలాసేపు దాన్నే చూసి, భూమి అమ్మినప్పుడు కొన్నవాడు గెట్టు రాళ్ల దగ్గర నిలబడి గొలుసుతో కొలిపించాడనీ, మనం కూడా అలాగే కొలుచుకుని కొనాలనీ అన్నారు. ధర 51 లక్షలనీ, అందులో టీడీఎస్ కోత పోను మిగిలినదంతా చెక్కేననీ చెప్పి వచ్చాను. అమ్మే తండ్రిగారు 58కి దిగారు, కొడుకు పన్ను ధ్రువపత్రానికి దరఖాస్తు పెడతానన్నాడట. 52 దాటితే వదిలేసి, ఆ 24 లక్షలను బ్యాంకులోనే ఉంచి ఇంకో ఏడాది చూద్దామని ఇంట్లో అనుకున్నాము.